ఉడుతకి సరే, తాతగారికి?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు వ్యాసంలో ‘మై గ్రాండ్‌ఫాదర్ స్కాంపర్డ్ టు ది బ్యాంక్’ అని రాసింది. టీచరు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి మార్కు తీసేశారు, కారణం మాత్రం రాయలేదు. డిక్షనరీలో ‘చిన్న చిన్న అడుగులతో వేగంగా పరుగెత్తడం’ అనే ఉంది. మా మామగారి నడక అచ్చం అదే! తప్పెక్కడ?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదమ్మా. డిక్షనరీ కాళ్ల సంగతి చెప్పింది గానీ హుషారు సంగతి వదిలేసింది, అంతే. స్కాంపర్ అనగానే ఇంగ్లీషువాళ్లకి పిల్లలో, కుక్కపిల్లలో, ఉడుతలో కళ్ల ముందు కదులుతాయి. ఒళ్లు తేలిగ్గా ఉండాలి, కాస్త అల్లరీ ఉండాలి. గుంటూరు బ్రాడీపేటలో మా పెరటి జామచెట్టు దగ్గర రోజూ చూస్తుంటాను. ఉడుత గోడ మీద నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, తోక ఎగరేసి, మళ్లీ తుర్రుమని కొమ్మెక్కేస్తుంది. ‘స్కాంపర్డ్ అప్ ది ట్రీ’ అంటే ఇదే.

మనం ‘తుర్రుమని చెట్టెక్కింది’ అంటాం. ఎలా వెళ్లిందో ‘తుర్రుమని’ అన్న మాట చెబుతుంది, ఎటు వెళ్లిందో క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో తిరగేసి ఉంటుంది: ఎలా వెళ్లిందన్నది క్రియలోనే ఇమిడిపోతుంది, ఎటు అన్నది పక్కనున్న అప్, అక్రాస్, ఆఫ్ లాంటివి చెబుతాయి. అందుకే ‘స్కాంపర్డ్ క్విక్లీ’ అని రాయక్కర్లేదు, వేగం అందులోనే ఉంది. 17వ శతాబ్దం చివర్లో ఈ మాటకి పారిపోవడం అనే అర్థం ఉండేది. ‘స్కాంపర్ ఆఫ్’, ‘స్కాంపర్ అవే’ల్లో ఆ వాసన ఇప్పటికీ తగులుతుంది.

దీనికి దగ్గర చుట్టం స్కరీ. అందులో కంగారు పాలు ఎక్కువ. రాత్రి వంటింట్లో లైటు వేయగానే ఎలుక గ్యాసు బండ వెనక్కి దూరితే స్కరీ. అదే ఎలుక, మనం పడుకున్నాక అటక మీద తన ఇష్టారాజ్యంగా పరుగులు పెడితే స్కాంపర్. పీతలకి స్కటిల్ ఉంది. గొర్రెపిల్లలు చెంగుచెంగున గంతులేస్తే గాంబల్. స్పెల్లింగులో చివర ‘ఓఎల్’ ఉండాలి, ‘ఎల్ఈ’ రాస్తే జూదమైపోతుంది.

ఇక మీ మామగారు. పింఛను పని మీద బ్యాంకుకి వెళ్లే పెద్దమనిషికి ‘హరీడ్’ చాలు. స్కాంపర్డ్ అంటే ఆయన గంతులేస్తూ వెళ్లినట్టు చదివేవాళ్లకి నవ్వొస్తుంది. అమ్మాయి నవ్వించాలనే రాసి ఉంటే మాత్రం మంచి ప్రయోగం, నేనైతే మార్కు ఇచ్చేవాణ్ణి. ఏదేమైనా సున్నా పక్కన ఆ టీచరు ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

మీ మామగారు క్రికెట్ చూసేవారైతే ‘మరి కామెంటేటర్లు అంతంత మగాళ్లని స్కాంపర్ అంటారేం?’ అని నిలదీయొచ్చు. బంతి దగ్గర్లోనే ఉండగా బ్యాటర్లు చకచకా అటూ ఇటూ మారితే ‘స్కాంపర్డ్ ఎ క్విక్ సింగిల్’ అంటారు, నిజమే. అక్కడ అల్లరి లేదు, అడుగుల చురుకే ఉంది. మామూలుగా ఈ క్రియకి కర్మ ఉండదు. ‘సింగిల్’ని కర్మగా పెట్టడం క్రికెట్ వాడుక. దాన్ని స్కూలు వ్యాసంలోకి తేవద్దని అమ్మాయికి చెప్పండి.