జాతర ఫొటోలన్నీ ఫోన్లోనే ఉండిపోతున్నాయి, కడిగించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మూడేళ్లుగా తిరుపతి గంగమ్మ జాతరలో జనం మొక్కుకు కట్టే వేషాల ఫొటోలు తీస్తున్నారు. ఫోన్లో, కెమెరాలో కలిపి వేలల్లో ఉన్నాయి. ఇన్‌స్టాలో పెడితే లైకులు బాగానే పడతాయి, రెండు రోజులయ్యేసరికి మీకే గుర్తుండవు. ప్రింటు వేయిస్తే ఈ వెలితి తీరుతుందా, తీరేదుంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

తీరుతుంది. అయితే "ఒక సెట్టు వేయించి పెట్టుకుందాం" అని మొదలుపెడితే మాత్రం ఆ కవరు నేరుగా బీరువాలో చీరల కిందికి పోతుంది. ప్రతి ప్రింటుకూ ముందు ఒక మనిషిని అనుకోండి. మాతంగి వేషం కట్టిన కుర్రాడా, వాడికి చీర కట్టిన మేనత్తా, గజ్జెలు కట్టిన నాన్నా? సైజు, కాగితం, కత్తిరింపు ఆ మనిషిని బట్టి వాటంతటవే తేలతాయి. చూపు ఆనని అవ్వకు 4×6 అంగుళాల్లో గుంపు ఫొటో ఇస్తే ఏం లాభం? మొహం బొటనవేలంత ఉండేలా 6×8లో దగ్గరి ఫొటో ఇవ్వాలి.

ఒక జాతరకు 300 ఫొటోలు తీస్తే 12 ప్రింట్లు చాలు. ఏరడం ఒక్క కూర్చోవడంలో ముగించొద్దు. మొదటిసారి కదిలినవి, కళ్లు మూసినవి తీసేయండి. వారం ఆగి మళ్లీ చూస్తే 40 మిగులుతాయి. వాటిని ఏ4 కాగితం మీద పన్నెండేసి చొప్పున చిన్న బొమ్మలుగా వేయించి, వంటింటి తలుపుకు అంటించి నాలుగు రోజులు వదిలేయండి. వస్తూ పోతూ కన్ను దేని మీద ఆగుతుందో దాన్ని టిక్కు పెట్టుకోండి. ఎక్కువ లైకులు వచ్చినవి ఇందులో సగం కూడా ఉండవు, చూసుకోండి. ఫోన్లో బొమ్మ రెండు మూడు అంగుళాలే కాబట్టి అక్కడ గెలిచేది ముదురు రంగులు, పెద్ద ఆకారం. కాగితం మీద చిన్నవి బయటపడతాయి: చెవి వెనక రంగు అంటని చోటు, నిమ్మకాయల దండ మెడకు ఒరుసుకోకుండా కింద మడిచి పెట్టిన తువ్వాలు, ఒక పాదం గజ్జెల్లో, ఇంకో పాదం ఇంకా హవాయి చెప్పులో. ఇచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు వేలు పెట్టి చూపించేది వీటినే.

ఇక రంగుల సంగతి. ఇక్కడే అందరూ దెబ్బతింటారు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఈ జాతరలో ఒక్కో వేషం ప్రింటుకు ఒక్కో పరీక్ష. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామం సుద్ద పూసుకుంటారు. మే నెల ఎండలో ఆ తెలుపులోని గీతలూ నీడలూ పూర్తిగా ఎగిరిపోతాయి. స్క్రీను మీద మెరుస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ప్రింటులో అక్కడ రంగే పడదు, ఒట్టి కాగితం బయటికి కనిపించి చిల్లు పడినట్టుంటుంది. ఎడిటింగ్ యాప్‌లో హైలైట్లు (బాగా వెలుతురున్న చోట్లు) తగ్గించి, అన్నిటికన్నా తెల్లటి చోటు 255 (నలుపు 0 అయితే పూర్తి తెలుపు) మీద కాకుండా 245 దగ్గర ఉండేలా చూడండి. బండ వేషంలో కుంకుమ. ఫోన్లు ఎరుపును ముందే పెంచేస్తాయి. కాగితం అంత ఎరుపును మోయలేదు, చెంపా ముక్కూ కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. ఎరుపు శాచురేషన్ (రంగు గాఢత) ఒక్కటే 10 నుంచి 15 తగ్గిస్తే కండరాల గీతలు తిరిగి కనిపిస్తాయి. తోటి వేషంలో బొగ్గుపొడి, కాబట్టి నీడల్లో వెలుతురు (షాడోస్) 15, 20 పెంచాలి. ఇది మ్యాట్ కాగితం మీద వేయించకండి. మ్యాట్ మీద నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, గ్లాసీ గానీ సిల్క్ గానీ తీసుకోండి. దొర వేషానికి చందనం. ఆటో వైట్ బ్యాలెన్సు (కెమెరా తనంతట తానే రంగులు సరిచేయడం) ఆ పసుపును తప్పు అనుకుని నీలం కలిపేస్తుంది, వెచ్చదనం వైపు కొంచెం జరపాలి.

ప్రింట్లు వేసే అంగడిలో యంత్రం కూడా ఇదే పొరపాటు చేస్తుంది. ఫొటోలో అన్ని రంగులూ కలిపి సగటున బూడిద రంగు రావాలని దాని లెక్క. ఫ్రేము నిండా కుంకుమ ఉంటే ఎరుపు ఎక్కువైందనుకుని ఎదురు రంగు కలుపుతుంది. అప్పుడు పక్కన నిలబడ్డ మామూలు మనిషి చర్మం ఆకుపచ్చ తిరిగి, జబ్బుపడ్డట్టు వస్తుంది. అందుకని ఫైలు ఇచ్చేటప్పుడే "ఆటో కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి" అని చెప్పాలి. ఒక్కసారి చెబితే చాలదు, కవరు మీద కూడా రాయండి. బిల్లు దగ్గర చెప్పిన మాట లోపలి మిషను దాకా వెళ్లదు.

"ఫొటోలు కడిగించడం" అనే మాట రీళ్లతోనే పోయిందనుకుంటాం గానీ, పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ అది అక్షరాలా నిజం. కాంతికి స్పందించే కాగితం మీద లేజరుతో బొమ్మ పడుతుంది, తర్వాత డెవలపరు, బ్లీచ్ ఫిక్సు, కడిగే తొట్లు దాటి ఆరి బయటికొస్తుంది. పాస్‌పోర్టు ఫొటోలు వేసే చిన్న అంగళ్లలో ఉండేది మామూలుగా ఇంకు ప్రింటరు. రెండూ తప్పు కాదు, కానీ ఏది ఇస్తున్నారో తెలుసుకోండి. పనికిరాని ప్రింటు మూలన ఒక చుక్క నీళ్లు వేసి నిమిషం తర్వాత తుడవండి. రంగు చెదిరితే అది చవక కాగితం మీద డై ఇంకు (నీళ్లలో కరిగే రంగు), తడి తగిలే చోటికి పనికిరాదు.

సైజు లెక్క సులభం. చేతిలో పట్టుకుని చూసేదానికి అంగుళానికి 300 పిక్సెళ్లు, గోడకు తగిలించేదానికి 200. అంటే 4×6కు 1800×1200, 8×12కు 3600×2400. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటోలో 4000×3000 ఉంటాయి. 8×12కు హాయిగా సరిపోతుంది, 12×18 గోడ పటానికీ పరవాలేదు. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600కు కుదించుకుపోతుంది. 4×6లో తేడా తెలియదు, 8×12లో మాత్రం అంగుళానికి 133 పిక్సెళ్లే మిగిలి వెంట్రుకలు మైనం పూసినట్టుంటాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవులో తీసుకెళ్లండి. ఐఫోనువి హెచ్‌ఈఐసీ ఫైళ్లయితే ముందే జేపెగ్‌లోకి, ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా అన్ని యంత్రాలూ చదివే రంగుల పద్ధతి) రంగుల్లోకి మార్చుకోండి. చాలా అంగళ్లలో హెచ్‌ఈఐసీ ఫైళ్లు తెరుచుకోవు.

కత్తిరింపు మీరే చేసుకోండి, అంగడికి వదలొద్దు. పొడుగు వెడల్పుల లెక్కలో ఫోను ఫొటో 4:3, 4×6, 8×12, 12×18 కాగితాలు 3:2. నిండా వేస్తే తొమ్మిదో వంతు పోతుంది. అడ్డం ఫొటోలో కిరీటం, గజ్జెలు తెగుతాయి, నిలువు ఫొటోలో చాచిన చెయ్యీ అందులోని వేపమండా తెగుతాయి. తెగడం ఇష్టం లేకపోతే "తెల్ల అంచు వదిలి ఫొటో మొత్తం వేయండి" అని అడగండి.

ప్రింటు నల్లగా వచ్చిందనే ఫిర్యాదులో పదికి తొమ్మిది సార్లు తప్పు స్క్రీనుదే. అది వెనకనుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. ఎడిట్ చేసేటప్పుడు బ్రైట్‌నెస్ సగానికి దించండి, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుని స్క్రీను దానికంటే మరీ మెరవకుండా చూసుకోండి. మొత్తం 12 వేయించే ముందు ఒకే ఫొటోను నాలుగు వెలుతుర్లలో ఒక 4×6 మీద పక్కపక్కన పేర్చి వేయించండి. వచ్చినదాన్ని ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుగులో వరండాలో చూడండి. ఆ ఒక్క కాగితం ఖర్చు మిగతా పన్నెండింటినీ కాపాడుతుంది.

ఇంట్లో ప్రింటరు కొనాలా అంటే, నెలకు ఇరవై లోపు అయితే వద్దనే నా మాట. వాడకపోతే నాజిల్సు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) ఎండిపోతాయి, శుభ్రం చేయడానికే సగం ఇంకు పోతుంది. ఇప్పటికే ఉంటే వారానికో రంగు పేజీ వేయండి. ప్రింటరు సెట్టింగుల్లో కాగితం రకం సరిగా ఎంచండి. గ్లాసీ కాగితం పెట్టి "ప్లెయిన్" అని వదిలేస్తే రంగులు పాలిపోతాయి. రంగుల సర్దుబాటు ఎడిటింగ్ యాప్ అయినా చేయాలి, ప్రింటరు అయినా చేయాలి. రెండూ చేస్తే మొహాలు వంకాయ రంగులోకి పోతాయి. ప్రింటు ఒక రోజంతా ఆరాకే కవర్లో పెట్టండి.

వెనకవైపు రాయడం మరవద్దు. పేరు, ఏ వేషం, ఏ వీధిలో, తేదీ. బాల్ పెన్ను గట్టిగా నొక్కితే మొహం మీద గీత ఉబ్బుతుంది. జెల్ పెన్ను ఆరక పై ఫొటోకు అంటుకుంటుంది. సన్నమొన పర్మనెంటు మార్కరుతో అంచు దగ్గర రాసి, పది నిమిషాలు విడిగా పరిచి ఉంచండి. ముందువైపు మీ పేరు వాటర్‌మార్కు మాత్రం వద్దు. ఇంకొకరి ఇంటి గోడ మీద అది మీ సైన్‌బోర్డు అవుతుంది.

పటం కట్టించేటప్పుడు ఒక చిక్కుంది. దేవుడి పటాలకు అలవాటుపడ్డ చేతులు అద్దాన్ని నేరుగా ఫొటో మీద పెట్టి మేకులు కొట్టేస్తాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. గోడ చెమ్మకు ఫొటో పైపొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది, ఆ తర్వాత ఊడదు. చుట్టూ రెండంగుళాల మౌంటు (దళసరి అట్ట అంచు) పెట్టమనండి, దాంతో అద్దానికీ ఫొటోకూ మధ్య ఖాళీ వస్తుంది. వెనక కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. ఇప్పటికే అతుక్కున్న పాత ఫొటో ఉంటే లాగకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఆల్బమ్ కొంటే జిగురు పేజీలవి వద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే మెత్తటి ప్లాస్టిక్ జేబులూ వద్దు.

బతికున్న పెద్దాయన ఒంటరి ఫొటోను 12×18 పటం కట్టి ఇవ్వకండి. మన ఇళ్లలో అంత పెద్ద పటం ఎవరికి వేలాడుతుందో తెలుసు కదా, దండ వేసే మేకు కూడా వెంటనే గుర్తొస్తుంది. 6×8 చేతికివ్వండి, ఫైలు జాగ్రత్తగా దాచండి. చాలా ఇళ్లలో ఆ రోజు వచ్చాక పెళ్లి గుంపులోంచో, ఆధార్ కార్డులోంచో మొహం కత్తిరించి పెంచుకుంటున్నారు.

ప్రతి ఫొటో రెండు కాపీలు వేయించండి. ఒకటి వాళ్లకు, రెండోది మీకు. ఇవ్వడానికి వెళ్లినప్పుడు మార్కరు జేబులో ఉండాలి. ఫొటో చూడగానే వాళ్లు చెప్పే మాటలు, పక్కనున్న మనిషి ఎవరు, ఆ చీర ఎవరిది, ఏ మొక్కుకు వేషం కట్టారు, ఇవన్నీ మీ కాపీ వెనక అక్కడే రాసుకోండి. తర్వాత ఇన్‌స్టాలో పెట్టేదుంటే అడిగి పెట్టండి, పిల్లలదైతే అమ్మానాన్నలను అడగండి. ఇరవై ఫొటోల బదులు ఒక్కటి పెట్టి, ఆ వెనకరాతలోని మూడు వాక్యాలు కింద రాయండి. ఆ వేషం కట్టినవాళ్ల చుట్టాలే వచ్చి, మీకు తెలియని పేర్లు కామెంట్లలో చెబుతారు. అవీ మీ కాపీ వెనక్కి ఎక్కించుకోండి.

ఇవ్వడం మాత్రం వచ్చే జాతర చాటింపుకు ఓ పదిహేను రోజుల ముందే ముగించండి. చాటింపు పడ్డాక ఆ ఇళ్లలో కూర్చుని ఫొటో చూసే తీరిక ఎవరికీ ఉండదు.