ఆరో నెలలో టీమ్ టోకెన్లన్నీ ఒకేసారి వదలొద్దు

మీ క్రిప్టో టోకెన్ విడుదల లెక్క చూశాను. మొత్తం 10 కోట్ల టోకెన్లు, మొదటి రోజు మార్కెట్లోకి 1 కోటి, టీమ్ వాటా 2 కోట్లు ఆరో నెలలో ఒకేసారి విడుదల, స్టేకింగ్‌కి, అంటే టోకెన్లు అమ్మకుండా కట్టిపెట్టి ఉంచినవాళ్లకి, ఏడాదికి 60 శాతం రాబడి. ధర నిలుస్తుందా అని అడిగారు. ఇలాగైతే కష్టమండీ.

మొత్తం సరఫరా గురించి అంత టెన్షన్ వద్దు. చూడాల్సింది చేతులు మారే సరఫరా, అంటే మార్కెట్లో కొనడానికీ అమ్మడానికీ ఉన్న టోకెన్లు. ఆరో నెలలో అది ఒక్క రోజులో 1 కోటి నుంచి 3 కోట్లవుతుంది. ఆ తేదీ అందరికీ ముందే తెలుసు కాబట్టి కొన్నవాళ్లు ఇంకా ముందే అమ్మేసుకుంటారు. టీమ్ వాటాకి ఏడాది లాక్ పెట్టి, ఆ తర్వాత 36 నెలల్లో సమానంగా వదలండి. నెలకి సుమారు 5.56 లక్షలే బయటికొస్తాయి. మాటగా చెప్పి వదిలేయకుండా స్మార్ట్ కాంట్రాక్ట్‌లోనే (షరతుల్ని తనంతట తానే అమలు చేసే బ్లాక్‌చెయిన్ ప్రోగ్రామ్) రాయండి, దయచేసి.

60 శాతం స్టేకింగ్ తీసేయండి. కొత్త టోకెన్లు పుట్టించి ఇస్తే, స్టేక్ చేయనివాళ్ల వాటా కోసి పంచినట్టే. ఫీజుల ఆదాయం ఎంతుంటే అంతే పంచండి. బర్న్ (టోకెన్లని శాశ్వతంగా చెలామణీలోంచి తీసేయడం) కూడా వాడకానికే ముడిపెట్టండి. ఎథీరియం బ్లాక్‌చెయిన్ 2021 ఆగస్టు నుంచి ప్రతి లావాదేవీకి కట్టే బేస్ ఫీజుని అలాగే బర్న్ చేస్తోంది.

సవరించాక నెలవారీ విడుదల పట్టిక ఇక్కడ పెట్టండి, చూస్తాను.