మిద్దె మీద బడి పెడుతున్న చిట్టికి

చి. చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

చెన్నై వ్యాసర్‌పాడిలో మీ మిద్దె మీద మే నెలంతా పిల్లలకు క్లాసులు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆరో తరగతికి వెళ్ళేవాళ్ళు, తొమ్మిదో తరగతికి వెళ్ళేవాళ్ళు అట. సంతోషంతో కాసేపు, టెన్షన్‌తో కాసేపు, మొత్తానికి ఆ రాత్రి నిద్రే పట్టలేదు. మే మొదటి వారంలో అగ్ని నక్షత్రం, అదే మండుటెండల రోజులు, మొదలవుతుందని తెలుసుగా? రేకుల కింద కూర్చోబెడతావా పసివాళ్ళని? పొద్దున ఏడుకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా పంపించెయ్. మజ్జిగ ఉంచు.

ఆరో తరగతి పాఠాలు ముందే అప్పజెప్పించకు. భాగహారం, భిన్నాలు గట్టిపడి, ఒక పేజీ తమిళం తడబడకుండా చదివితే చాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, అర్థం కానిది తెలుగులోనే విప్పి చెప్పు.

మా బడిలో ఒక వేసవి ఇలాంటి క్యాంపే పెట్టారు. చార్టులు, బహుమతులు, ఫోటోలు, అన్నీ బ్రహ్మాండం. పాఠాలూ బాగానే చెప్పారు. కానీ అంతా మా చిన్న బడిలోనే, అలవాటైన గదిలో, అలవాటైన టీచర్లతో. జూన్‌లో వెళ్ళబోయే పెద్ద బడి గేటైనా చూపించలేదు. అడిగితే, "అది అక్కడివాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఆ క్యాంపులో ఒక పిల్ల, లెక్కల్లో మహా చురుకు. పెద్ద బడిలో మొదటి పీరియడ్ గంట కొట్టగానే టీచరు పుస్తకం చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఈ పిల్ల కూడా సంచి భుజానేసుకుని ఆవిడ వెనకే! ఐదేళ్ళూ ఒక్క టీచరే కదా, ఆవిడ లేస్తే బడి అయిపోయినట్టే. వరండా చివర ఆవిడ వెనక్కి తిరిగి "ఎక్కడికే?" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. మర్నాడు కడుపునొప్పి, ఆ మర్నాడు జ్వరం. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చేదాకా సంగతే బయటపడలేదు. దాన్ని మళ్ళీ బడిలో కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే అరగంటకోసారి గంట కొట్టు. నీ స్నేహితుల్ని పిలిచి, సబ్జెక్టుకొకరు మారేలా చూడు. ఏ బడికి వెళ్తారో ఆ బడికి ఒకసారి తీసుకెళ్ళి క్లాసు, నీళ్ళ కుళాయి, ముఖ్యంగా ఆడపిల్లలకు బాత్రూం చూపించు. అడగడానికి సిగ్గుపడి సాయంత్రందాకా నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళని ఎంతమందిని చూశానో! దారి కూడా నడిపించు. అడ్డదారని రైలు పట్టాలు దాటారో, నీ కాళ్ళు విరగ్గొడతాను, వాళ్ళవి కాదు.

సర్కారు బళ్ళలో 2022లో వచ్చిన పొద్దుటి టిఫిన్ ఐదో తరగతి వరకే. ఆరులో మధ్యాహ్నం భోజనం ఉంటుంది, టిఫిన్ ఉండదు. చీకటితోనే కార్పొరేషన్ పనికెళ్ళే తల్లులకు ఈ సంగతి ఇప్పుడే చెప్పు. నువ్వూ ఖాళీ కడుపుతో పాఠం చెప్పకు, చిన్నప్పటి నుంచీ నీకదే రోగం.

తొమ్మిదికి వెళ్ళేవాళ్ళలో ప్రైవేటు బడిలో ఉచిత సీటు పిల్లలున్నారేమో కనుక్కో. 2009 విద్యాహక్కు చట్టం కింద వచ్చిన ఆ సీటు ఎనిమిదో తరగతితో సరి. ఫీజు సంగతి జూన్‌లో తెలిసిందంటే, ఆడపిల్లయితే ఇంట్లోనే ఉండిపోతుంది. ఇప్పుడే తెలిస్తే సర్కారు బడిలో చేర్పించొచ్చు. టీసీలు కూడా తీసుకోమను.

ఎవరు ఏ బడికి వెళ్తున్నారో ఒక కాగితం మీద రాసి ఉంచు. ఆదివారం వస్తాను, మీ అమ్మని వంకాయ కూర చేయమను.

మీ పెద్దమ్మ