స్విట్జర్లాండ్ కొండల్లో స్పా హోటల్: అంత డబ్బు పెట్టొచ్చా?

విజయనగరం నుంచి మీరడిగింది చదివాను. పాతికేళ్ల పెళ్లిరోజుకి స్విట్జర్లాండ్ కొండల్లో స్పా ఉన్న పెద్ద హోటల్లో ఐదు రాత్రులు ఉందామనుకుంటున్నారు. మీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అంత ఖర్చుకి తగ్గ ఫలితం ఉంటుందా అన్నది మీ అనుమానం. మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. మేమిద్దరం 2024 నవంబరులో సరిగ్గా ఇదే పని చేసి వచ్చాం కాబట్టి చెబుతున్నాను.

ముందు నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీరిద్దరూ ఏ పనీ లేకుండా రోజంతా ఒకచోట కూర్చోగలరా? కూర్చోలేని వాళ్లయితే ఆ డబ్బుతో హాయిగా రైళ్లెక్కి ఊళ్లు తిరగండి. నేను కూర్చోలేని రకం అని అక్కడికెళ్లాకే తెలిసింది.

మేం వెళ్లింది స్విట్జర్లాండ్‌లో వలే (Valais) అనే ప్రాంతంలోని లాయికర్‌బాద్ అనే ఊరికి. జ్యూరిక్‌లో రైలెక్కి, దారిలో మారి, లాయిక్ స్టేషన్లో దిగి, అక్కణ్నుంచి అరగంట ఘాట్ రోడ్డులో బస్సు. అంతా కలిపి మూడు గంటలు. మధ్యలో లోట్ష్‌బెర్గ్ సొరంగం వస్తుంది. 2007లో తెరిచారు, 34 కిలోమీటర్ల పైమాటే. మా ఆవిడ అందులో ఒక కునుకు తీసి లేచింది. ఊరు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. మన మహేంద్రగిరి 1,501 మీటర్లు కదా, ఇంచుమించు ఆ కొండ నెత్తి మీద ఊరు కట్టారనుకోండి. అయినా ఊళ్లో నిలబడితే బావిలో ఉన్నట్టుంటుంది, చుట్టూ అంత నిటారుగా రాతి గోడలు. ఆ ఎత్తుకి మాకెవరికీ ఆయాసం రాలేదు. యూంగ్‌ఫ్రావ్‌యోఖ్ అని 3,454 మీటర్లకి రైల్లో తీసుకెళ్లే చోటుంది, అక్కడ తల తిరిగేవాళ్లుంటారు. ఆరోగ్యం కోసం వెళ్లేవాళ్లు అంతెత్తుకి పోనక్కర్లేదు.

ఇక నీళ్ల సంగతి. అక్కడ భూమిలోంచి 51 డిగ్రీల వేడితో ఊట వస్తుంది, రోజుకి 39 లక్షల లీటర్ల దాకా. చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. మనవాళ్లు బరంపురం దాటి తప్తపాణి వేడినీటి ఊటకి వెళ్తుంటారు కదా, అక్కడ గంధకం వాసన ముక్కు పట్టేస్తుంది. ఇక్కడ ఆ వాసన లేదు, నీళ్లలో ఉండేది ఎక్కువగా కాల్షియం సల్ఫేట్. మెడ దాకా వేడి నీళ్లు, నెత్తి మీద సన్నగా మంచు రాలుతోంది, ఎదురుగా ఆకాశాన్ని సగం మూసేసిన కొండ. మా ఆవిడ జుట్టు మీద మంచు పడి, కరిగి, కనుబొమల మీదుగా కారుతుంటే తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. ఆ దృశ్యానికి ఎంత డబ్బయినా ఇవ్వొచ్చనిపించింది ఆ నిమిషం.

నేను మాత్రం "ఇంత డబ్బు కట్టాం, పూర్తిగా వాడుకుందాం" అని ముప్పావుగంట నీళ్లలోనే ఉన్నాను. నాకు బీపీ మాత్రలున్నాయి. మెట్లెక్కి బయటికి రాగానే కళ్లు చీకట్లు కమ్మి రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుందని, ఇరవై నిమిషాలు చాలని, తర్వాత పడుకుని నీళ్లు తాగాలని అక్కడ పనిచేసే అమ్మాయి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఆ ముక్క గోడ మీద రాసి కూడా ఉందట, జర్మన్‌లో. మీకు బీపీ, గుండె జబ్బు ఏదున్నా వెళ్లేముందు మీ డాక్టర్ని అడగండి.

మోకాళ్ల గురించి ఉన్నమాట చెప్తాను. ఉన్న నాలుగు రోజులూ మా ఆవిడ మెట్లు బాగా ఎక్కింది. ఇంటికొచ్చిన మూడు వారాలకి మళ్లీ మామూలే. వేడి నీళ్లలో నానితే కండరాలు సడలి నొప్పి తగ్గుతుంది, అంతేగాని అరిగిన కీలు తిరిగి పెరగదు. వైద్యం అనుకుని వెళ్తే మోసపోయామనిపిస్తుంది.

ఆవిరి గదుల దగ్గర ఒక జాగ్రత్త. కొలనుల్లో ఈత దుస్తులు వేసుకోవాలి. అదే జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో సౌనా వైపు గుడ్డలు లేకుండానే వెళ్లడం ఆచారం, అదీ ఆడామగా కలిసే. మాకెవరూ చెప్పలేదు. నేను చెడ్డీ మీద గావంచా బిగించి తలుపు తీశాను. లోపల ముగ్గురు పెద్దవాళ్లు నన్నే వింతగా చూశారు. నా వెనకే వచ్చిన మా ఆవిడ "ఏటండీ ఇది" అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మళ్లీ అటు పోలేదు. చాలా హోటళ్లలో ఆడవాళ్లకి విడిగా కొంత చోటో, కొన్ని గంటలో ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడగండి.

విశ్రాంతి గది అని ఇంకోటి. అందులో మాట్లాడకూడదు, ఫోన్ తీయకూడదు. తెల్లటి తువ్వాలు గుడ్డ కోటు (బాత్‌రోబ్) వేసుకుని వాలు కుర్చీలో పడుకోవడమే పని. మొదటి రోజు పది నిమిషాలకోసారి లేచి బయటికొచ్చి పలాస ఫోన్ చేశాను. నవంబరులో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, వాళ్లకి తెల్లవారేసరికి మన ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది. గదిలో బల్ల మీద ఎండు ఆప్రికాట్లూ (ఆ లోయలో పండేవేనట) జీడిపప్పూ గిన్నెల్లో పెట్టారు. చెయ్యి ఊరుకోదు కదా, నాలుగు పప్పులు తీసి వెలుతురులో పెట్టి చూశాను. డబ్ల్యూ 320 బాపతు, అంటే పౌనుకి (సుమారు 450 గ్రాములకి) మూడొందల చిల్లర పప్పులు. రెండు బద్దలు, ఒకదాని మీద పొట్టు మచ్చ. మా షెడ్డులో అయితే ఆ మచ్చదాన్ని పక్కకి తోసేవారు. పక్క కుర్చీలో పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. ఆయనా ఒక పప్పు తీసుకుని నాలాగే వెలుతురుకి పట్టి చూసి నోట్లో వేసుకున్నాడు. మూడో రోజుకి గంటన్నర పడుకున్నాను, ఫోన్ గుర్తు రాలేదు.

నెల విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయకండి. నవంబరులో గది చవకన్నారని ఎగబడ్డాం. ఎండాకాలం సీజన్‌కీ మంచు సీజన్‌కీ మధ్య అక్కడ కేబుల్ కార్లు మరమ్మతులకి ఆపేస్తారు. ఊరి మీద గెమ్మి కనుమకి వెళ్లే కేబుల్ కారూ ఆపేసి ఉంది. పైకెళ్తే 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం దాకా కనబడుతుందని బ్రోషర్లో చూసి మురిసిపోయాం. మాకు టికెట్లు కట్టిన ట్రావెల్స్ వాడికి ఆ సంగతి తెలుసో తెలీదో, అడిగితే "సార్, వెదర్" అన్నాడు. రెండు రోజులు మబ్బు, మూడో రోజు ఉదయం రాతి గోడ అంచు మీద ఎర్రగా ఎండ పడి పావుగంట ఉంది. నాకు దక్కిన ఆల్ప్స్ అదే. ఏప్రిల్ చివర, మే నెలా కూడా ఇలాగే ఉంటాయి. కొండలు చూడాలంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు, మంచు కావాలంటే జనవరి, ఫిబ్రవరి.

డబ్బు: ఇద్దరికీ రాత్రికి 480 స్విస్ ఫ్రాంకులయింది, ఉదయం టిఫిను, రాత్రి భోజనం కలిపి. ఫ్రాంకు అప్పుడు వంద రూపాయలకి కాస్త తక్కువ. మసాజ్ విడిగా, మనిషికి రోజుకింతని ఊరి పన్ను విడిగా. రాత్రి ఐదు రకాలు వడ్డిస్తారు గానీ శాకాహారమంటే ప్రతిదాంట్లో చీజే. ఉడికిన బంగాళాదుంప మీద కరిగిన చీజ్ పోసే రాక్లెట్ ఆ ప్రాంతపు వంట, వేడిగా ఉంటే బాగుంటుంది. కందిపొడి డబ్బా మాత్రం పట్టుకెళ్లండి. వీసాకి 30,000 యూరోల దాకా వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది కట్టేటప్పుడు బీపీ, షుగర్ దాచకండి.

నన్నడిగితే ఐదు రాత్రులూ పెద్ద హోటల్లో వద్దు. ఆ ఊళ్లోనే అందరికీ తెరిచి ఉండే పెద్ద స్నానశాలలున్నాయి, టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు, వేడి ఊట నీళ్లే. మూడు రాత్రులు ఒక మామూలు అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకు తినండి. చివరి రెండు రాత్రులు పెద్ద హోటల్. అప్పటికి కాళ్లు తిరిగి తిరిగి అలిసిపోయి ఉంటాయి, కూర్చోబుద్ధవుతుంది. అక్కడ మీరు ఎక్కువిచ్చేది ఆ నిశ్శబ్దానికే, గదిలోంచి కోటు వేసుకుని నేరుగా కొలనుకి నడిచే సుఖానికే.

ఈ మధ్య మా బావమరిది వాళ్లతో తప్తపాణి వెళ్లాం. అదే గంధకం వాసన, అదే తోపులాట. మా ఆవిడ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కబుర్లు చెబుతూనే ఒక కన్ను వాచీ మీద పెట్టింది. సరిగ్గా ఇరవై నిమిషాలకి "లెగండి, ఇంక చాలు" అని నన్నూ, మా బావమరిదినీ లేపేసింది.