స్టార్టర్‌లో నురగ రాకపోతే ఈస్ట్ చనిపోయినట్టేనా?
బీరు తయారీకి ముందు ఈస్ట్‌ను పెంచుకునే చిన్న మాల్ట్ ద్రావణమే స్టార్టర్. రెండు రోజులైనా నురగ కనబడలేదని మీరు పారబోయదలచిన స్టార్టర్‌లో ఈస్ట్ బతికే ఉండవచ్చు. లీటరు స్టార్టర్‌లో నురగ రాత్రికి రాత్రే పొంగి అణగిపోవడం మామూలే కనుక, అడుగున మీగడ రంగు ఈస్ట్ మడ్డి పేరుకున్నదేమో ముందు చూడండి. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ 1.037 నుంచి 1.010 దగ్గరకు దిగితే ఈస్ట్ చక్కెరను తిన్నట్టే, సందేహమే అక్కరలేదు. పుల్లని దుర్వాసన వస్తే మాత్రం పారబోయండి.

మడ్డి మరీ పలుచగా ఉంటే, గాలి లోపలికి రాకుండా మీరు బిగించిన ఎయిర్‌లాక్ మూతనే నేను అనుమానిస్తాను. కణాలు విభజన చెందడానికి కావలసిన పొరలను నిర్మించుకోవాలంటే ఈస్ట్‌కు ఆక్సిజన్ అవసరం. బీరు పులిసేటప్పుడు గాలిని అడ్డుకునే అలవాటునే చాలామంది స్టార్టర్‌కూ వర్తింపజేస్తారు. స్టార్టర్‌ను ఇలా చేయండి:

1. లీటరు నీటిలో 100 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం) పొడిని 10 నిమిషాలు మరిగించండి. పంచదార వద్దు.
2. 20–24 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాకే ఈస్ట్ కలపండి.
3. శానిటైజ్ చేసిన ఫాయిల్‌ను వదులుగా కప్పి, గుర్తొచ్చినప్పుడల్లా ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పండి.