టెక్ సందేహాలు: హైడ్రో టెస్ట్ పాసైనా సిలిండర్‌కు ఆఖరి తేదీ ఉంటుంది

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీ. పొగలో ఊపిరి కోసం వీపున వేసుకునే బీఏ (బ్రీతింగ్ అపరేటస్) సెట్లకు వాడే కార్బన్ సిలిండర్లు 12 ఉన్నాయి. వాటిలో నాలుగింటికి 15 ఏళ్లు దాటాయని కొత్తగా చేరిన ఫైర్‌మన్ అంటున్నాడు. సిలిండర్ల గడువులు చూపించే మా యాప్‌లో అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి. హైడ్రో టెస్ట్ సర్టిఫికెట్లూ ఉన్నాయి, గేజ్ 300 బార్ చూపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి?

ఫైర్‌మన్ మాట నమ్మండి. ముందు ఆ నాలుగింటినీ ఈ రోజే ర్యాక్ నుంచి తీసి పక్కన పెట్టించండి.

ఇదే ప్రశ్న చిట్యాల నుంచి వచ్చింది, జడ్చర్ల నుంచి వచ్చింది. యాప్‌లు వేరు, తప్పు మాత్రం ఒక్కటే. అందుకే ఈ వారం మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తున్నాను.

తప్పు మన అలవాటులోనే మొదలవుతుంది. ఇంట్లో గ్యాస్ బండ మీద ఏ-27, సీ-28 అని రాసి ఉంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, సీ అంటే జులై నుంచి సెప్టెంబర్. ఆ గడువు రాగానే బండను పరీక్షకు పంపాలి. పాసైతే మళ్లీ వాడకానికి వస్తుంది. పాత ఉక్కు బీఏ సిలిండర్లదీ ఇదే పద్ధతి. తుప్పు లేకుండా, పరీక్షలో నెగ్గుతూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తాయి. స్టోర్స్‌లో పాతికేళ్లు పనిచేసిన మనిషికి సిలిండర్ అంటే ఇదే లెక్క. యాప్ రాసినవాళ్లూ ఆ లెక్కనే తీసుకెళ్లి కార్బన్ సిలిండర్‌కు అంటగట్టారు.

కార్బన్ సిలిండర్ కథ వేరు. లోపల పల్చటి అల్యూమినియం గుల్ల, దాని చుట్టూ జిగురులాంటి రెజిన్‌తో బిగించిన కార్బన్ దారాలు, పైన సాధారణంగా గ్లాస్ ఫైబర్ పొర ఉంటాయి. కొత్త రకాల్లో గుల్ల ప్లాస్టిక్‌ది. బరువు ఉక్కుదానిలో సగం కూడా ఉండదు కాబట్టే మెట్లెక్కే ఫైర్‌మన్‌కు ప్రాణం లేచొస్తుంది. కానీ 300 బార్ అంటే లోపలి గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు దాదాపు 300 కిలోల ఒత్తిడి. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. సిలిండర్ నిండుగా ఉన్నంతసేపూ, ర్యాక్‌లో ఊరికే ఉన్నా సరే, ఆ భారం దారాల మీద పడుతూనే ఉంటుంది. నింపిన ప్రతిసారీ గుల్ల కొద్దిగా సాగుతుంది, ఖాళీ చేసినప్పుడు ముడుచుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు దగ్గర తెగినట్టే లోహం కూడా అలసిపోతుంది. ఈ రెండూ కంటికి కనబడవు.

హైడ్రో టెస్ట్‌లో సిలిండర్‌ను నీళ్లతో నింపి, వాడకపు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే 300 బార్ సిలిండర్‌కు 450 బార్ దాకా ఎక్కిస్తారు. ఎంత ఉబ్బింది, ఒత్తిడి దించాక ఎంత వెనక్కి వచ్చింది అని కొలుస్తారు. ఆ రోజుకు సిలిండర్ ఎలా ఉందో దీంతో తెలుస్తుంది. అది ఇంకా ఎన్నేళ్లు ఆగుతుందో ఆ కొలతలో లేదు. అందుకే డిజైన్‌ను ఆమోదించేటప్పుడే ఆయుష్షు కూడా నిర్ణయిస్తారు. అమెరికాలో కార్బన్ సిలిండర్లకు 5 ఏళ్లకోసారి పరీక్ష, మామూలుగా 15 ఏళ్లకు సెలవు. అక్కడ కూడా కొన్నింటికి పొడిగింపు ఇచ్చారు, కానీ అది మామూలు హైడ్రో టెస్ట్ చూసి కాదు. దారాలు తెగే శబ్దాన్ని పట్టే వేరే పరీక్ష పెట్టి, ప్రత్యేక అనుమతితో ఇచ్చారు. కొన్ని డిజైన్లకు అంతకంటే ఎక్కువ ఆయుష్షు ఉంటుంది, ఎన్‌ఎల్‌ఎల్ అని గుర్తు ఉన్నవాటికి పరిమితే ఉండదు. కాబట్టి అన్నింటికీ 15 అని గుడ్డిగా అనుకోకండి. రెజిన్ పొర కింద ఉన్న అసలు లేబుల్ చదవండి. కొన్నింటి మీద ‘ఫైనల్’ అనే మాట పక్కనే సంవత్సరం, నెల ఉంటాయి. లేకపోతే ఆమోద పత్రం చూడండి. లెక్క తయారీ తేదీ నుంచి వేయాలి, మీరు కొన్న తేదీ నుంచి కాదు. డీలర్ గోడౌన్‌లో రెండేళ్లు పడి ఉంటే ఆ రెండేళ్లూ పోయినట్టే.

ఇప్పుడు మీ యాప్ సంగతి. ఒక సిలిండర్ 2010 మార్చిలో తయారైంది, ఆయుష్షు 15 ఏళ్లు అనుకోండి. రెండో పరీక్ష ఆలస్యమై 2021 నవంబర్‌లో జరిగింది. యాప్ దానికి 5 ఏళ్లు కలిపి తర్వాతి గడువు 2026 నవంబర్ అని చూపించి గ్రీన్ చుక్క పెడుతుంది. ఆ సిలిండర్ ఆయుష్షు 2025 మార్చికే తీరింది. 20 నెలల పాటు ఒక మనిషి దాన్ని వీపున వేసుకుని పొగలోకి వెళ్తాడు. ఆఖరి తేదీకి ఒక గడి, అది దాటితే రెడ్ చూపించాలన్న ఒక్క షరతు పెడితే సరిపోయేది. అంత చిన్న పని చేయకుండా ప్రాణాలకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ అమ్మడం నాకు మింగుడు పడదు.

అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది మరొకటి ఉంది. ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి యాప్‌నే చూపించారు. స్టోర్స్, సేఫ్టీ, బయట నుంచి గాలి నింపడానికి వచ్చే కాంట్రాక్టర్, అందరికీ ఒకే లాగిన్. పాస్‌వర్డ్ కంప్రెసర్ గది గోడ మీదే రాసి ఉంది. తయారీ సంవత్సరాన్ని 2009 నుంచి 2019కి మార్చి చూశాను. ఎందుకు మారుస్తున్నావని అది అడగలేదు, ఎవరు మార్చారో ఎక్కడా రాసుకోలేదు. చుక్క గ్రీన్ అయిపోయింది. పాత సంవత్సరం మళ్లీ నేనే పెట్టి వచ్చాను. ఇక్కడ భయం ఎక్కడో కూర్చున్న హ్యాకర్ గురించి కాదు. పాత సరుకు ఎలాగోలా చెల్లిపోవాలనుకునే మనిషికి ఈ తలుపు బార్లా తెరిచి ఉంది.

క్యూఆర్ స్టిక్కర్ కూడా అంతే. అది ఒక లింక్ ఉన్న కాగితం. కొత్త సిలిండర్ స్టిక్కర్ ఫొటో తీసి ప్రింట్ వేసి పాతదానికి అంటించడానికి రెండు నిమిషాలు చాలు. స్కాన్ చేయగానే వచ్చే సీరియల్ నంబర్‌ను అసలు లేబుల్ మీది నంబర్‌తో కళ్లతో పోల్చి చూడాలి. ఒక్క అంకె తేడా వచ్చినా దాన్ని నింపొద్దు. ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి, తయారీ తేదీని ఒకసారి ఎక్కించాక తాళం వేయండి, ప్రతి మార్పూ పేరుతో సహా నమోదు కావాలి. యాప్ కంపెనీ కుదరదంటే పుస్తకంలో పెన్నుతో రాసుకోండి. పుస్తకంలో దిద్దుబాటు కనీసం కనబడుతుంది.

నాకు ఇంత ఆవేశం ఎందుకంటే, మన ప్రాంతం పొగ ఏం చేస్తుందో చూసింది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. దట్టమైన పొగ వల్ల కాపాడటానికి వెళ్లినవాళ్లు గంటల తరబడి లోపలికి చేరలేకపోయారు. తొమ్మిది మంది చనిపోయారు. సొరంగం లాంటి చోట లోపలికి అడుగుపెట్టినవాడికి వీపు మీది సిలిండర్ తప్ప వేరే గాలి ఉండదు. 6.8 లీటర్ల సిలిండర్ నిండుగా ఉంటే కష్టపడి పనిచేసే మనిషికి ముక్కాలు గంట వస్తుంది, అందులో తిరిగి రావడానికి కూడా మిగుల్చుకోవాలి. ఆ లెక్కలో అనుమానానికి చోటు ఉండకూడదు.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ బీఏ సెట్ సగం ధరకే ఉంది, కొత్తగా పెయింట్ వేసి చాలా బాగుంది. తీసుకోవచ్చా?

వద్దు. పెయింట్ వేశారంటేనే నాకు అనుమానం. దాని కింద లేబుల్ పోయి ఉండొచ్చు, తెగిన దారాలు ఉండొచ్చు, మంటకు మాడిన మచ్చ ఉండొచ్చు. రెజిన్ మాడిన సిలిండర్ ఎంత కొత్తదైనా పనికిరాదు. మన దేశంలో గ్యాస్ సిలిండర్ నిబంధనలు, 2016 ప్రకారం పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న సిలిండర్‌నే నింపాలి. ఆ ఆమోదం వివరాలు చూపించలేనివాడి దగ్గర ఏ ధరకైనా కొనకండి.

చౌటుప్పల్ వారికి ఇంకొక్క మాట. లేబుల్ చూశాక ఆయుష్షు తీరిందని తేలితే, ఆ నాలుగింటినీ పాత సామాన్ల వాడికి అలాగే అమ్మకండి, అవి రేపు పైన చెప్పిన ప్రకటనలోనే కొత్త రంగుతో కనిపిస్తాయి. డ్రిల్ కోసమని కూడా నింపి ఉంచొద్దు. వాల్వ్ మెల్లగా తెరిచి గాలి పూర్తిగా వదిలేయించండి, వాల్వ్ తీయించి, సిలిండర్‌ను మళ్లీ అతకడానికి వీల్లేకుండా ముక్కలుగా కోయించండి. ఆ పని టెస్టింగ్ స్టేషన్ వాళ్లతోనే చేయించి, సీరియల్ నంబర్లతో సహా కాగితం తీసుకోండి. ఆ నంబర్లను యాప్‌లోంచి తుడిచేయకండి, ‘రద్దు’ అని మార్చి అలాగే ఉంచండి.