నోటీసు రాలేదు కదా అని పాత బిల్డింగును అలాగే వదిలేయొచ్చా?

ప్రశ్న: నాన్నగారి నుంచి నాకూ మా తమ్ముడికీ ఉమ్మడిగా ఒక మూడంతస్తుల ఇటుక బిల్డింగు వచ్చింది. కట్టి యాభై ఏళ్లు దాటింది. కింద షాపులు, పైన అద్దెకున్న కుటుంబాలు. ఈ మధ్య ఇంజినీరుకి చూపిస్తే, గోడలకీ స్లాబుకీ సరైన పట్టు లేదని, పిట్టగోడ భూకంపానికి నిలవదని రాసిచ్చారు. అప్పటి రూల్స్ ప్రకారం ప్లాను పాసయ్యే కట్టారు, ఇంతవరకు ఏ నోటీసూ రాలేదు. భూకంపం దైవఘటన, మన మీదికి ఎందుకొస్తుంది అంటాడు తమ్ముడు. నిజమేనా? పని చేయిస్తే ఖర్చు అద్దెకున్నవాళ్ల దగ్గర తీసుకోవచ్చా?

జవాబు: మీ తమ్ముడు చెప్పినదాంట్లో సగమే నిజం అండీ, దయచేసి ఆ సగాన్ని నమ్ముకుని కూర్చోకండి. భూమి కదలడం ఎవరి తప్పూ కాదు, ఒప్పుకుంటాను. కానీ రేపు ఎవరికైనా ఏమైనా అయితే కోర్టులో మిమ్మల్ని అడిగేది భూకంపం గురించి కాదు, ఆ గోడ పడిపోతుందని మీకు ముందే తెలుసా, తెలిస్తే ఏం చేశారు అని. ఇంజినీరు రిపోర్టు చేతికొచ్చింది కాబట్టి 'మాకు తెలియదు' అనే మాట ఇక మీకు లేదు.

నోటీసు సంగతి. కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్ అనే ఊళ్లో 2003 డిసెంబరు 22న వచ్చిన భూకంపానికి ఒక పాత ఇటుక బిల్డింగు కూలి, అందులో పనిచేస్తున్న ఇద్దరు మహిళలు చనిపోయారు. అలాంటి బిల్డింగులను పటిష్ఠం చేయాలని ఆ ఊరి మునిసిపాలిటీ అప్పటికే రూలు పెట్టింది, కానీ గడువు 2018 దాకా ఉంది. గడువు ఇంకా చాలా ఉందిగా, మా తప్పేముంది అని యజమానులు వాదించారు. జ్యూరీ (అంటే అక్కడి కోర్టులో తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) ఒప్పుకోలేదు, నిర్లక్ష్యమే అని తేల్చింది. 2010లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. మునిసిపాలిటీ గడువు ఇచ్చినంత మాత్రాన, సాటి మనిషి ప్రాణం పట్ల చూపాల్సిన జాగ్రత్త వాయిదా పడదన్నమాట. గడువు ఉన్నవాళ్లకే అలా అయితే, ఏ నోటీసూ రాలేదని చెప్పుకునే మీకు అది ఎంత రక్షణ ఇస్తుందో ఆలోచించండి. మీ ఊళ్లో చట్టం మాటలు వేరుగా ఉండొచ్చు, అది స్థానిక లాయరు చూడాలి, కానీ నిర్లక్ష్యం కేసుల్లో ఈ ఆలోచన చాలా దేశాల కోర్టులకు కొత్త కాదు.

దైవఘటన వాదన పూర్తిగా పనికిరాదని కూడా అనను. జపాన్‌లో 1995 కోబే భూకంపంలో ఒక అద్దె బిల్డింగు కింది అంతస్తు నుజ్జయి, అందులో ఉన్నవాళ్లు చనిపోతే, కట్టడంలో లోపం ఉందని 1999లో అక్కడి కోర్టు యజమానిని బాధ్యుడిని చేసింది. అయితే భూకంపం తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకుని పరిహారాన్ని సగానికి తగ్గించింది. అంటే ఆ వాదన గెలిచిన చోట కూడా సగం భారం యజమాని మీదే పడింది.

పాత రూల్స్ ప్రకారం పాసైన ప్లాను మీకు ఒక్కదానికి పనికొస్తుంది: అది అక్రమ కట్టడం అని ఎవరూ అనలేరు. అంతకు మించి ఆశించకండి.

ఇప్పుడు చేయాల్సిన పని. మొదట పిట్టగోడ. దీని మీద నాకు పట్టుదల ఎక్కువే, ఎందుకంటే అది పడేది మీ అద్దెదారుల మీద కాదు, కింద ఫుట్‌పాత్ మీద నడిచే ముక్కూమొహం తెలియని వాళ్ల మీద. 2011లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో వచ్చిన భూకంపానికి పాత ఇటుక బిల్డింగుల ముందు గోడలు రోడ్డు మీదికి పడి నడుస్తున్నవాళ్లు, బస్సులో కూర్చున్నవాళ్లు చనిపోయారు. అందుకే న్యూజిలాండ్ ప్రభుత్వం 2017లో కొన్ని ఊళ్లలోని రద్దీ వీధుల్లో ఇలాంటి పిట్టగోడలను, ముందు గోడలను 12 నెలల్లో బిగించాలని ఆదేశం ఇచ్చింది, ఖర్చులో కొంత తనే భరించింది. మొత్తం బిల్డింగుకు చేయించే స్తోమత ఇప్పుడే లేకపోయినా, పిట్టగోడను వెనక నుంచి స్టీలుతో కట్టించడమో, ఇంజినీరు సరేనంటే ఎత్తు తగ్గించి తేలికపాటి రెయిలింగు పెట్టడమో ముందు చేయొచ్చు. ఆ తర్వాత ప్రతి అంతస్తులో గోడలను స్లాబుకి బోల్టులతో పట్టించే పని. షాపు వాళ్లు అద్దాలు పెట్టుకుంటామని కింద అడ్డగోడలు తీయమంటే మాత్రం ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క ఇటుక కూడా కదపనివ్వకండి. కింద ఖాళీ, పైన బరువు ఉన్న బిల్డింగులు ఎలా కూలతాయో 1994లో లాస్ ఏంజెలెస్ భూకంపంలో చూశాం, ఒక్క అపార్ట్‌మెంట్ సముదాయంలోనే 16 మంది పోయారు.

ఖర్చు విషయం పూర్తిగా మీ స్థానిక అద్దె చట్టాన్ని, అగ్రిమెంటును బట్టి ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో అయితే అద్దె నియంత్రణ ఉన్న ఇళ్లలో ఈ ఖర్చులో సగం వరకు, నెలకు 38 డాలర్లు మించకుండా అద్దెదారులకు వేయొచ్చని రూలు పెట్టారు. మీ దగ్గర అలాంటి రూలు లేకపోతే అగ్రిమెంటు మధ్యలో మీ ఇష్టప్రకారం పెంచలేరు. కొత్త అగ్రిమెంటులో 'భూకంపానికి యజమాని బాధ్యుడు కాదు' అని రాయించుకుందామని చూడకండి. తెలిసిన ప్రమాదాన్ని దాచి రాయించుకున్న అలాంటి మాటకు, ప్రాణం పోయిన కేసులో కోర్టులు విలువ ఇవ్వడం అరుదు. అద్దెకున్నవాళ్లకు విషయం చెప్పి, పని ఎప్పుడు మొదలవుతుందో, ఎవరు ఎన్నాళ్లు వేరేచోట ఉండాలో రాతలో పెట్టండి. ఇన్సూరెన్సు పాలసీలో భూకంపం ఉందో లేదో, మూడోవ్యక్తికి, అంటే అద్దెదారులకో దారిన పోయేవాళ్లకో జరిగే నష్టం ఉందో లేదో విడివిడిగా చూడండి, రెండూ ఒకటి కాదు.

తమ్ముడి గురించి. ఉమ్మడి ఆస్తి కాబట్టి బాధ్యత కూడా ఇద్దరిదీ. రిపోర్టు కాపీ జతచేసి, పిట్టగోడ పనికి అంచనా ఖర్చు, మీ వాటా ఇవ్వడానికి మీరు సిద్ధమన్న మాట, జవాబుకి ఒక తేదీ వేసి, రసీదు వచ్చే పద్ధతిలో ఉత్తరం పంపండి. అన్నదమ్ముల మధ్య ఉత్తరాలేంటి అనిపిస్తుంది, తెలుసు, ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడండి, అయినా ఉత్తరం మాత్రం పంపండి. ఆ తేదీ దాటినా కదలకపోతే, అత్యవసర రిపేరు మీ ఖర్చుతో చేయించి అతని వాటా రాబట్టుకునే దారి, లేదా కోర్టు అనుమతి తీసుకునే దారి మీ చట్టంలో ఏముందో స్థానిక లాయరును అడగండి. వెళ్లేటప్పుడు ఇంజినీరు రిపోర్టు, పాసైన ప్లాను, అద్దె అగ్రిమెంట్లు, ఆ ఉత్తరం కాపీ తీసుకెళ్లండి.